కుదురు పట్టుకున్న చెయ్యి

అమ్మమ్మ తల దువ్వుతున్నాను.

"అక్కా, తొందరగా కానియ్యి. బయట అందరూ నిలబడ్డారు," గుమ్మంలోంచి చెల్లి పిలిచింది.

చెవి వెనక చిక్కు పడింది. కుదుళ్ల దగ్గర జుట్టును ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కొసల నుంచి కొంచెం కొంచెంగా విడదీశాను. చిన్నప్పుడు చెల్లికి జడ వేస్తూ దాన్ని ఏడిపిస్తే అమ్మమ్మే నేర్పింది.

"అలా పీకకే, రాక్షసీ! కుదురు పట్టుకో. ఎంత లాగినా నొప్పి నీ గుప్పిట్లోనే ఆగిపోతుంది. పెద్దదానివి, ఆ మాత్రం ఓర్చుకోలేవూ?"

చెల్లి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ప్రాణం పోయాక ఇంక నొప్పేం తెలుస్తుందక్కా? లాగెయ్."

"తెలుసే," అన్నాను.

దేవుణ్ణి తలుచుకుంటూ ఆఖరి ముడి కూడా విడదీశాను. కుదురు మాత్రం వదల్లేదు.