గ్రూపుల పెట్టని ఫొటోలు

"పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల ఎందుకు పెడుతలేవు?" సాయవ్వ అంగన్‌వాడీ గడపల నిలబడి అడిగింది.

లీల టీచర్ పిల్లలకు గుడ్లు పొట్టు తీసి పెడుతున్నది. కోరుట్ల నుంచి షేర్ ఆటోల వచ్చిపోతది. పాత టీచర్ రిటైరైనంక ఈ ఊరికి ఇంచార్జిగ వేసిన్రు. ఊరికి కొత్త మనిషి.

"మీ అభినవ్ ఫొటో మీ కోడలు శోభ ఫోనుకు పంపుత అవ్వా. పిల్లలందరిని ఊరి గ్రూపుల పెట్టను."

"పాతామె రోజూ పెట్టేది. మస్కట్ల నా కొడుకు వీరేందర్ అన్నం తినుకుంట చూసేటోడు. అభినవ్ నలుగురితోటి ఆడుకునేది చూస్తెనే వానికి నిమ్మలం."

"నాకు ఎరుకే. కని ఒకరి పిల్లలను ఇంకొకరికి నేనెట్ల చూపెట్టాలె?"

సాయవ్వకు ఆ మాట నచ్చలె. ఇంకో కోపం సుత ఉన్నది. ఆమె ఇంటి వెనుక రూముల జ్యోతి అనే ఆమె కిరాయికి దిగింది. వెంట నాలుగేండ్ల బిడ్డ అఖిల. పొద్దుందాక బీడీలు చేస్తది. మొగడేడి అంటే తల వంచుకుంటది.

సాయవ్వ గొంతు తగ్గించింది. "అఖిల తండ్రి ఎవరు? ఏ ఊరు? నీ దగ్గర రాయించే ఉంటది."

"ఆమెనే అడుగు."

"చెప్తలేదు. ఇల్లిచ్చినదాన్ని, నాకు తెల్వద్దా?"

"చెప్పబుద్ధైన నాడు చెప్తది. నా నోట రాదు."

ఊర్లె మాట లేచింది. ఫొటో లేదంటే గుడ్డు లేదన్నట్టే అన్నరు. పాల ప్యాకెట్లు కోరుట్లకు పోతున్నయన్నరు.

సూపర్‌వైజర్ వచ్చిన నాడు సాయవ్వే ముందట నిలబడి అన్నీ చెప్పింది.

"ఫొటోలు ఎందుకు పెట్టవు? కారణం చెప్పు," సూపర్‌వైజర్ లీలను అడిగింది.

లీల పిల్లల దిక్కు చూసింది. "పెట్టను మేడం," అన్నది. కారణం చెప్పలె.

ఆ వారంలనే ఆమెను తీసేసి ఊరామెనే సరోజనను పెట్టిన్రు.

పోయే రోజు లీల ఆటో ఎక్కబోయి ఆగింది. "అవ్వా, మీ ఇంట్ల ఉన్నామెను మంచిగ చూసుకో."

పోయేటప్పుడు సుత పెత్తనమే అనుకున్నది సాయవ్వ.

సరోజన మొదటి రోజే ఫొటో పెట్టింది. వరుసకు కూసున్న పిల్లలు, చేతులల్ల గుడ్లు. అభినవ్ పక్కన అఖిల.

మస్కట్ల, పనోళ్ల క్యాంపు రూంల, వీరేందర్ ఆ ఫొటో చూసి మురిసిపోయిండు. కొత్తగ రూంలకు వచ్చిన రాకేశ్‌కు సుత చూపెట్టిండు. రాకేశ్‌ది పెగడపల్లి.

"నీ కొడుకు పక్కన పోరి ఎవరు?" రాకేశ్ అడిగిండు.

"మా ఇంట్ల కిరాయికుంటరు. తల్లీబిడ్డలే."

రాకేశ్ ఇంకేం అడుగలె. తల్లికి బాగలేదని చెప్పి లీవు పెట్టిండు.

వారం తిరుగకముందే అంగన్‌వాడీ ముందట కారు ఆగింది. రాకేశ్ దిగి అఖిల తండ్రినన్నడు, ఫోనుల పెండ్లి ఫొటో చూపెట్టిండు. సరోజన పిల్లను పంపింది. అఖిల ఏడ్వలేదని, నిలబడ్డ కాడనే గౌను తడుపుకున్నదని సరోజన తర్వాత చెప్పింది.

విన్నంక జ్యోతి బీడీల చాట కింద పడేసి లేచింది. కొంగు జారితే వీపు మీద కాలిన మచ్చలు కనవడ్డయి. ఇన్నొద్దులు ఒక్క వాకిట్ల ఉండి సాయవ్వ అవి చూడలె.

"పోకు బిడ్డా. పోలీసులకు చెప్దాం," సాయవ్వ చెయ్యి పట్టుకున్నది.

"పోరి ఆడ ఉన్నంక నేనీడ ఎట్లుంట?" చెయ్యి ఇడిపించుకొని బస్సు కాడికి ఉరికింది.

మల్ల రాలె. ఫోన్ బందున్నది.

రాత్రి వీరేందర్ ఫోన్ జేసిండు. "మన ఇంట్ల ఉంటరని నేనే చెప్పిన అమ్మా. ఆమె మా రూంల రాకేశ్ పెండ్లామని నాకేం తెలుసు?"

సాయవ్వ తెల్లారి షేర్ ఆటో ఎక్కి కోరుట్లకు పోయింది. అడుగుకుంట అడుగుకుంట లీల ఇల్లు పట్టింది.

లీల బయటనే అరుగు మీద కూసోని ఉన్నది. కాళ్లకు దుమ్ము. చెప్పులు సుత ఇడువలె.

"నాకు తెలిసిందవ్వా," అన్నది. "పొద్దుగాలనే పెగడపల్లి పోయి వస్తున్న. తలుపు తియ్యలె. కిటికిలకెళ్లి జ్యోతి ఒక్కసారి చూసింది. అంతే."

సాయవ్వ పక్కన కూసున్నది. "ముందుగాల నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా. నేనే ఫొటో వద్దందును."

"నీకు చెప్తే నువ్వు శోభకు చెప్తువు. శోభ వీరేందర్‌కు చెప్తుండె. జ్యోతి మొగడు సుత మస్కట్లనే ఉండె."



లీల లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చింది. "రేపు మల్ల పోత. ఈసారి పోలీసోళ్లను తీస్కొని పోత."

"ఊరందరం అన్ని మాటలంటిమి. ఎందుకు పడ్డవ్? జ్యోతి నీకేమైతది?"

లీల ఖాళీ చెంబు అందుకున్నది.

"పెగడపల్లిల వాళ్లిల్లు నీకెట్ల ఎరుక బిడ్డా?"

"నేను పుట్టిన ఇల్లే అవ్వా," అన్నది లీల, "రాకేశ్ నా తమ్ముడు."