పన్నెండో మొహం

మా ఊరి బడికి జన్మలో ఒక్కరోజు కూడా నాగా పెట్టనివాణ్ణి నేనే. ఇప్పుడక్కడ హాజరు వేసేది తలుపుకి సర్కారు బిగించిన యంత్రం. పన్నెండు మొహాలు కనబడకపోతే ఆ రోజే బడికి శాశ్వతంగా తాళం వేస్తుంది. పిల్లలు పదకొండుమందే మిగిలారు. అందుకే డెబ్బయ్యేళ్ళవాణ్ణి మీసం గీయించుకుని, నిక్కరు తొడుక్కుని వాళ్ళ వరసలో నిలబడ్డాను.

“నవ్వీకు తాతా, బోసినోరు అగుపడిపోద్ది,” అంది రెండో తరగతి అప్పలనర్సి.

“నీకు మాత్రం ముందు పళ్ళున్నాయేటే?”

“తాళం పడితే మాయమ్మ నన్ను జీడిపిక్కలేరడానికి అట్టుకుపోద్ది తాతా.”

యంత్రం నా మొహం చూసి, “పన్నెండు,” అంది.

నాగా సంగతి కోతే లెండి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి తాటిముంజల వెంటే తిరిగాను. ఆ పన్నెండు కూడా నా కల్పనే. యంత్రం పదకొండే అంది. అప్పలనర్సి ఇప్పుడు జీడితోటలో ఉంది.