పోలికల పంచాయితీ

ఐదేళ్ల రసజ్ఞ డాక్టరు గది బయట విడిచిన చెప్పులన్నిటినీ సైజుల వారీగా వరస పెట్టేసింది. ఏ జత ఎవరిదో తేలక కొండాపూర్ క్లినిక్కంతా ఒకటే గోల. తండ్రి ఓంకార్ అందరికీ సారీలు చెప్పుకుంటూ పిల్ల వెనకే తిరుగుతున్నాడు.

లోపల రసజ్ఞ అమ్మ సంయుక్త డాక్టరు ఎదురుగా కూర్చుంది. ఒక పక్క సామర్లకోట నుంచి వచ్చిన తల్లి సుబ్బలక్ష్మి, ఇంకో పక్క హఫీజ్‌పేట్ అత్త చంద్రమ్మ. సామర్లకోట ఎడ్డెం అంటే హఫీజ్‌పేట్ తెడ్డెం అంటుంది. ఈ వియ్యపురాళ్లిద్దరూ ఏకమైంది ఒక్కసారే, అదీ సంయుక్తకు అడ్డం పడటానికి. ఇప్పుడు "అప్పుడే చెప్పాం కదా" అని మళ్లీ ఏకమై, పిల్లను దూరం పెడతారేమోనని ఆమె భయం.

"ఆటిజం," అంది డాక్టరు భానుశ్రీ. "ఇదివరకు వేరువేరు పేర్లతో పిలిచేవాటిని ఇప్పుడు ఒకే వర్గంలో చేర్చారు. మెదడు ఎదిగే తీరులో తేడా, అంతే. తగిన సాయం ఉంటే పాప చాలా నేర్చుకుంటుంది."

"సెల్‌ఫోన్ చూపించడం వల్లేనాండీ?" అడిగింది సుబ్బలక్ష్మి.

"కాదండీ."

"సూదులేపిచ్చినం, గందుకేనా?" అంది చంద్రమ్మ.

"కాదమ్మా, టీకాలకీ దీనికీ సంబంధం లేదు. ఫలానాదే కారణమని చెప్పలేం. జన్యువుల పాత్ర మాత్రం ఎక్కువ."

"అంటే రక్తంల నుంచి వస్తదన్నట్టు."

"ఒక రకంగా అంతే."

ఆ ఒక్క మాటా డాక్టరు అనకుండా ఉంటే ఎంత బాగుండేది! ఇక మొదలు, అనుకుని సంయుక్త తల దించుకుంది.

చంద్రమ్మ కొంగు సర్దుకుంది. "ఇగ చెప్పుడెందుకు మేడం, అచ్చం మా మామ పోలికనే. బిందెలన్నీ వరుసగ పెట్టేటోడు. ఒక్కటి జరిపితె ఆ పూట బువ్వ తినకపోయేటోడు."

"ఊరుకోండి వదినగారూ!" గయ్యిమంది సుబ్బలక్ష్మి. "రాయదుర్గం నుంచి నాగోలు దాకా మెట్రో స్టేషన్లన్నీ గడగడా అప్పజెబుతుందా లేదా? మా పెద్దన్నయ్యా అంతే, రైళ్ల టైములన్నీ నోటికొచ్చు. పలకరిస్తే మాత్రం పలికేవాడు కాదు. ఇది ముమ్మాటికీ మా పోలికండీ!"

"జర ఆగు వదినె. మీ అన్న ఎన్నడన్న చెప్పులు సర్దిండా?"

"మీ మామగారు రైలెక్కారా?"

సంయుక్త నింపిచ్చిన ఫారం వంక ఓసారి, వాళ్ల వంక ఓసారి చూసి డాక్టరు ఏదో అనబోయింది. సంయుక్త వద్దన్నట్టు తల ఊపింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొస్తున్నాయి.

"రాస్కోండ్రి మేడం, మా రక్తమే!" అంది చంద్రమ్మ.

"మాదండీ!" బల్ల మీద చరిచింది సుబ్బలక్ష్మి.

నాలుగేళ్ల కిందట శిశుగృహలో, దత్తతకు పిల్లను ఎత్తుకోబోతున్న సంయుక్త చెయ్యి పట్టుకుని, "ఎవరి రక్తమో ఏమో, మనకొద్దు" అని వెనక్కి లాగింది ఈ ఇద్దరే.