మధ్యాహ్నం గంట

అగ్నేటా చర్చి గంట బురుజు తలుపు తీసి, తాళంచెవి చేత్తో పట్టుకుని లోపలికి అడుగు వేయబోయింది. ఎవడో కుర్రాడు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

ఆగస్టు ఎండలో గొర్రెతోలు కోటు వేసుకున్నాడు.

"చర్చి చూడాలంటే కాసేపు ఆగు. ముందు నేను మధ్యాహ్నం గంట కొట్టాలి."

"ఇవాళ కొట్టకు, చిట్టితల్లీ. గోడ కదిలింది."

అచ్చం ఈ ఊరి పాత యాస. అగ్నేటాకు ఒళ్ళు మండింది.

ఊళ్ళో తరతరాలుగా ఉన్న జర్మన్ జాతి సాక్సన్లంతా మూటాముల్లె సర్దుకుని జర్మనీకి పోయాక, ఈ కోటగోడల చర్చికి మిగిలింది ఆమె ఒక్కతే. ఒక్క రోజూ గంట మానలేదు.

"చిట్టితల్లి ఏమిట్రా? నీ అమ్మమ్మ వయసుదాన్ని! గోడంటావా, నువ్వు పుట్టకముందు నుంచీ కదులుతూనే ఉంది. జర్మనీ బాపతేగా నువ్వు? వేసవి రాగానే వాలిపోతారు, నాకు పాఠాలు చెప్పడానికి!"

అతను నవ్వాడు. అంత దగ్గరగా నిలబడితే అతని మీంచి చలి కొడుతోంది.

"ఎప్పుడు పోయారు మీవాళ్ళు?"

"నేనొక్కణ్ణే పోయాను. చలికాలంలో."

"చేతులు చూడు, ఎంత నల్లగా ఉన్నాయో! కడుక్కోవడానికి నీళ్ళు లేవా అక్కడ?"

అతను చటుక్కున తాళంచెవి లాక్కున్నాడు. తలుపును మోకాలితో పైకెత్తి, చెవిని ఎదురు తిప్పి తాళం వేసేశాడు. కోటగుమ్మం వైపు నడిచాడు.

"ఒరేయ్, దొంగవెధవా! ఇలా ఇవ్వు!"

అగ్నేటా రొప్పుతూ వెంటపడింది.

"ఊరొదిలి పారిపోయినవాడివి, మా గంటతో నీకేం పనిరా!"

అతను గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు.

"నేను పారిపోలేదు తల్లీ," అన్నాడు మెల్లగా. గుమ్మం దాటి మలుపు తిరిగాడు.

ఆమె కూడా గుమ్మం దాటింది. వెనక నేల అదిరింది. బురుజు నిలువునా కూలిపోయింది. పడుతూ పడుతూ గంట ఒక్కసారి మోగింది.

ఎదురింటి ఇలింకా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! లోపల ఎవరన్నా ఉన్నారా?"

"లేరు. ఆ కుర్రాడేడి? ఇటే వచ్చాడు."

"ఏ కుర్రాడక్కా? నువ్వొక్కదానివే ఎవర్నో తిట్టుకుంటూ వచ్చావు."

గుమ్మం పక్కన రాతిబల్ల మీద తాళంచెవి ఉంది. అంత ఎండలోనూ మంచుముక్కలా ఉంది. దాని నిండా నల్లటి వేలిముద్రలు.

అగ్నేటా ఒక ముద్రను బొటనవేలితో తుడిచింది. బొగ్గుపొడి.

తాను ఆ కుర్రాణ్ణి అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

తలుపును మోకాలితో ఎత్తి చెవిని ఎదురు తిప్పే కిటుకు తమ ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ తెలీదు. ఆమెకు అమ్మ నేర్పింది.

అమ్మకు నేర్పింది మాత్రం, అగ్నేటా ఇంకా కడుపులో ఉండగానే, యుద్ధం చివరి చలికాలంలో రష్యా సైనికులు బొగ్గుగనులకు పట్టుకుపోతే మళ్ళీ తిరిగిరాని నాన్న.