బస్టాపులో పెసరట్టు

ఫోటోని నాకితే చాలు, అందులోని మనిషి నోటి రుచి నాలిక్కి తెలిసే కాలమది. అందుకే చాక్లెట్ ప్రకటనకి ఫోటో దిగే రోజు వకుళ పొద్దుట్నుంచీ ఏమీ తినకూడదని కంపెనీవాళ్ళ షరతు. పట్టుచీర కట్టి, సోఫాలో వాలి, చాక్లెట్ ముక్క పెదవులకి తాకించి, కళ్ళు అరమోడ్చి ఎంత ఒయ్యారంగా దిగిందనీ!

వారం తిరక్కుండా ప్రతి బస్టాపులో ఆ ఫోటో వెలిసింది. ఎంగిలని జనం పైటచెంగులతో, జేబురుమాళ్ళతో తుడిచి మరీ నాకారు. నాకినవాళ్ళే మళ్ళీ వచ్చి వరసలో నుంచున్నారు.

"చాక్లెట్ సంగతేమో గానీ, పెసరట్టు మాత్రం అదిరింది!" అన్నారు.

కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఉద్యోగం ఊడిందనుకుంది వకుళ.

"మేడమ్, ఈసారి ఉప్మా కూడా తినేసి రండి," అన్నారు వాళ్ళు.

'హమ్మయ్య' అనుకునేలోపే కూరల సంచీతో అత్తగారు కనకరత్నమ్మ గుమ్మంలోకొచ్చింది, పెదాలు చప్పరిస్తూ.

"నా చేతి అల్లప్పచ్చడి నాకు తెలీదుటే? ఆవేళ మీ మామయ్యకని మూతపెట్టిన అట్టు పిల్లి తినేసిందన్నావు! పాపం, దాన్ని చీపురు పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమాను కదే!"