కౌగిలించుకోని మనిషి

రంజాన్ పండగనాడు గల్ఫ్‌లోని కల్బా ఊళ్ళో నూర్ మొహమ్మద్ ఇంటినిండా ఆడవాళ్లే.

హుస్సేనమ్మ వస్తూనే ఇంటావిడ ఖుర్షీదాను గట్టిగా వాటేసుకుంది.

"అబ్బా!" అంది ఖుర్షీదా.

"ఏందమ్మే, ఎముకలేమన్నా విరిచినానా?"

అందరూ నవ్వారు.

ఒక్క ఆఫ్రీన్ నవ్వలేదు. ఆమె పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన కడప మనిషి. పండగపూట కూడా ఎవరినీ కౌగిలించుకోదు. దూరం నుంచే చేయి చాపుతుంది. పొగరని అందరికీ కోపం.

ఖుర్షీదా వంటింట్లోకి వెళితే ఆఫ్రీన్ వెనకే వచ్చింది.

"ఆపా, వాటేసుకుంటే అబ్బా అన్నావే, రొమ్ములో గడ్డేమన్నా ఉందా?" అంది గొంతు తగ్గించి.

ఖుర్షీదా చేతిలో గరిటె ఆగింది.

గడ్డ ఉంది. పోయిన ఎండాకాలం నుంచీ ఉంది. భర్తకు కూడా చెప్పలేదు. చెబితే క్లినిక్‌కి పదమంటాడు. అక్కడున్నది మగ డాక్టరు.

"ఎవరికైనా చూపించినావా?"

ఖుర్షీదా గొంతు పెంచింది. "పండగపూట అడిగే మాటేనా ఇది? సిగ్గు లేదా నీకు?"

ముందు గదిలో మాటలు ఆగిపోయాయి.

"ఏమడిగిందే?" అంది హుస్సేనమ్మ.

"నోటితో చెప్పే మాట కాదులే."

ఆఫ్రీన్ షీర్ ఖుర్మా గిన్నె కింద పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ఎదురొస్తే చాలు, ఆడవాళ్లు దుపట్టాలు సర్దుకుని ముసిముసిగా నవ్వుకునేవారు. ఖుర్షీదా వాళ్ళను ఆపలేదు.

అయినా ఆఫ్రీన్ మళ్ళీ వచ్చింది.

"పక్కనే ఫుజైరాలో లేడీ డాక్టరుంది ఆపా. నేను తోడొస్తా."

"నాకేం లేదు. పో."

బక్రీద్ వెళ్ళింది. ఎండలు ముదిరాయి. గడ్డ పెరిగింది. ఖుర్షీదా వదులు కమీజులు కుట్టించుకుంది.

ఒక మధ్యాహ్నం మళ్ళీ తలుపు చప్పుడు. ఖుర్షీదా గొలుసు తీయకుండా సందులోంచి చూసింది. ఆఫ్రీన్ గోడ పట్టుకుని ఆయాసపడుతోంది.

"తలుపు తీ ఆపా. నీకొకటి చూపించాల. అది చూస్తే నువ్వే డాక్టరు దగ్గరికి బయల్దేరతావు."

"నువ్వు చూపించేదేందిలే! యల్లా, నడువు."

మెట్లెక్కే అడుగులు ఆగి ఆగి వినిపించాయి.

నెల తిరక్కుండా ఆఫ్రీన్ భర్త హయాత్ బాషా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆఫ్రీన్ పోయింది ఆపా. స్నానం చేయించడానికి మావాళ్లెవరూ లేరిక్కడ. మీరొస్తారా?"

"అయ్యో! ఏమైంది?"

"ఎవరికీ చెప్పొద్దనింది," అని అతను ముఖం తిప్పుకున్నాడు.

కాదనలేక ఖుర్షీదా వెళ్ళింది. తోడుగా హుస్సేనమ్మ వచ్చింది.

ఆస్పత్రి వెనక గదిలో ఆఫ్రీన్ మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంది. హుస్సేనమ్మ నీళ్ళు పోస్తోంది. ఖుర్షీదా దుప్పటి కింద చేయి పెట్టి మెడ కడిగింది, భుజం కడిగింది. ఎద దగ్గరికి రాగానే ఆ చేయి ఆగిపోయింది.

"ఏమైందమ్మే?" అంది హుస్సేనమ్మ.

ఖుర్షీదా మళ్ళీ తడిమి చూసింది.

ఆఫ్రీన్‌కి ఎడమ రొమ్ము లేదు. ఎముకల మీద అడ్డంగా పాత కుట్లు తగులుతున్నాయి, తలుపు తీస్తే చూపిస్తానన్నది అవే.