చూపు తగిలిన అద్దాలు

ఎవరూ ముట్టుకోలేదు. అయినా గోదాములో గోడకు ఆనించిన అద్దం ఢామ్మని పగిలి కుప్పగా రాలింది.

అది ఎనభై తొమ్మిది వానాకాలం. దమ్మపేట దాటాక అడవి అంచున బసవపున్నయ్య పెట్టిన ఫ్యాక్టరీలో బస్సు కిటికీల అద్దాలు చేసేవారు. కొలిమిలో మెత్తబడేదాకా కాల్చి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టించేవారు. ఆపైన ప్రతి విడతలో ఒకదాన్ని సుత్తితో పగలగొట్టి చూసేవారు. జొన్నల్లా రాలితే మంచి అద్దం. బాకుల్లా చీలితే ఆ విడతంతా చెత్తకే.

"ఆమె మల్ల వచ్చింది సార్," అన్నాడు మేస్త్రి పోతయ్య గొంతు తగ్గించి.

గేటు దగ్గర ఆమె కూర్చుని ఉంది. పక్క తండా మనిషి. ముక్కు దాకా దించిన ముసుగు. పరీక్ష జరిగే రోజున తప్పకుండా వస్తుంది. అద్దం పగలగానే ముఖం ఇటు తిప్పుతుంది. రాలిన గింజల్ని దోసిట్లో పోయించుకుని, మెల్లగా చెంపలకు రుద్దుకుంటుంది. ఎందుకని అడిగితే నవ్వుతుంది, అంతే.

"ఆమె చూపు మంచిది గాదు. మొన్న గూడ ఆమె వచ్చినంకనే పగిలింది. గిట్లయితే మేం పనికి రాం సార్."

లోపల కంటికి కనపడని నలుసుంటే అద్దం ఎప్పుడో ఒకప్పుడు దానంతటదే పగులుతుందని మిషన్ అమ్మినవాళ్లు బసవపున్నయ్యకు చెప్పారు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

అంతలో మరో అద్దం ఢామ్మంది.

ఆమె ముసుగు సరిగ్గా అటే తిరిగి ఉంది.

బసవపున్నయ్య చెప్పబోయిన మాట మింగేసి, గేటు వైపు చెయ్యి చూపాడు.

"పంపించెయ్యవయ్యా," అన్నాడు.

కూలీలు కేకలేస్తూ వెంటపడ్డారు. ఆమె బాట వదిలి చెట్లల్లోకి పరుగెత్తింది. కొమ్మలకు కొట్టుకుంటూ, పడుతూ, లేస్తూ.

మర్నాడు గేటు దగ్గర ఎవరూ లేరు.

గోదాములో మళ్లీ అద్దం పగిలింది.

పోతయ్య ఖాళీ గేటు వైపు చూసి, చీపురు అందుకున్నాడు.

సాయంత్రం తండా నుంచి దేవ్లా అనే ముసలాయన వచ్చాడు.

"నా బిడ్డ సారూ, గోరి. వాగుల పడి సచ్చిపోయింది. నిన్న ఈడికే వచ్చింది గదా? ఆమె కాళ్లకు ఎరుకైన బాటనే. ఎట్ల తప్పిందో."



"ఇక్కడికి ఎందుకొచ్చేది?" అన్నాడు బసవపున్నయ్య.

"పగిలినా కొయ్యని అద్దం చేస్తున్నరు బాపూ అని మురిసేది సారూ. తాకి చూస్తే గని నమ్మకం కుదరకపోయేది."

"అద్దం మీద అంత ధ్యాస ఏమిటి ఆమెకు?"

ముసలాయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"చిన్నప్పుడు బస్సు బోల్తపడ్డది. కిటికీ అద్దం గుచ్చుకొని, బిడ్డకు రెండు కండ్లూ పోయినయి."